నవల చదివిస్తూ పిల్లల మాటల సంపద పెంచడం ఎలా? తెలుగు టీచర్లకి, తల్లిదండ్రులకి సమగ్ర మార్గదర్శి

ఎనిమిదో తరగతి తెలుగు నోటుబుక్కు ఏది తెరిచినా ‘కొత్త పదాలు – అర్థాలు’ అని ఒక పట్టిక ఉంటుంది. ఎడమ పక్క ఒక మాట, మధ్యలో రెండు గీతలు, కుడి పక్క ఇంకో మాట. తటపటాయించు = సందేహించు. కసురు = కోపగించు. యూనిట్ టెస్టు దాకా అవి గుర్తుంటాయి. ఆ తర్వాత ఆ పిల్లవాడు రాసే వ్యాసంలో గానీ, మాట్లాడే మాటల్లో గానీ వాటి జాడ ఉండదు.

వాచకంలో పాఠం నాలుగు పేజీలు. వారంలో అయిపోతుంది. అందులో కనిపించిన మాట మళ్లీ ఎదురుపడే అవకాశం తక్కువ. నవల అలా కాదు. అవే మనుషులు, అదే ఊరు నూటయాభై పేజీల పొడుగునా ఉంటారు కాబట్టి మాటలూ మళ్లీ మళ్లీ వస్తాయి. పైగా ప్రతి మాటా ఎవరో ఒక మనిషిని పట్టుకుని వస్తుంది. కసరడం అంటే ఏమిటో మరిచిపోయినా, ఎవరు ఎవర్ని కసిరారో పిల్లలకి గుర్తుంటుంది. ఆ జ్ఞాపకాన్ని ఆసరా చేసుకుని మాటలు నేర్పడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. ఏడు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇంట్లో పిల్లల చేత తెలుగు చదివించాలనుకునే తల్లిదండ్రులకీ చాలావరకు పనికొస్తుంది.

మొదటి మెట్టు: నవల ఎంపిక

నూరు నుంచి రెండొందల పేజీల మధ్య ఉంటే చాలు. వారానికి రెండు పీరియడ్లు కేటాయించగలిగితే ఒక టర్మ్‌లో హాయిగా పూర్తవుతుంది. అంతకంటే పెద్దదైతే పిల్లలకి మధ్యలో విసుగు పుడుతుంది, మీకు సిలబస్ టెన్షన్ మొదలవుతుంది.

కష్టం పాలు చూడటానికి ఒక సులువైన పరీక్ష ఉంది. నవల మధ్యలో ఏదో ఒక పేజీ తీసి, క్లాసులో మధ్యస్థంగా చదివే పిల్లవాడికి ఇవ్వండి. ఫస్టు ర్యాంకు పిల్లవాడికి ఇస్తే అసలు సంగతి బయటపడదు. తెలియని మాట కింద పెన్సిల్‌తో గీత గీయమనండి. పేజీకి రెండొందల మాటలు ఉంటాయనుకుంటే, నాలుగైదు గీతలు పడితే ఆ నవల మీ క్లాసుకి సరిపోతుంది. పదిహేను దాటితే పక్కన పెట్టండి. ఈ లెక్క ఊరికే చెప్పింది కాదు. ఇంగ్లీషు చదివేవాళ్ల మీద హూ, పాల్ నేషన్ అనే పరిశోధకులు 2000లో చేసిన అధ్యయనంలో, ఎవరి సాయమూ లేకుండా కథ అర్థమవ్వాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని తేలింది. తెలుగులో ఒక్క మాటకే మూడు నాలుగు ప్రత్యయాలు అతుక్కుంటాయి కాబట్టి ఆ అంకె మనకి అచ్చుగుద్దినట్టు సరిపోదు. అంచనాకి మాత్రం బాగా పనికొస్తుంది.

భాష సంగతి కూడా చూడాలి. తెలుగు నవలకి తొలి అడుగుల్లో ఒకటని 1878 నాటి రాజశేఖర చరిత్రముతో మొదలుపెట్టాలని కొందరికి ఉత్సాహం. అది గ్రాంథికం. పిల్లల శక్తంతా క్రియారూపాలు విప్పుకోవడానికే ఖర్చయిపోతుంది. వాడుక భాషలో ఉండి, నవ్విస్తూ నడిచే నవలైతే మేలు. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టర్ పార్వతీశం మొదటి భాగం ఇందుకు మంచి ఎంపిక. 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకని పడవ, రైలు, ఓడ ఎక్కి సీమకి (ఇంగ్లండుకి) వెళ్లే కథ కాబట్టి ప్రయాణానికి సంబంధించిన మాటలన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. నూరేళ్ల కిందటి వస్తువులు, అలవాట్లు కావడంతో పిల్లలు అడిగే ప్రశ్నలకి కొదవుండదు. మీది తెలంగాణ అయినా, రాయలసీమ అయినా, ఆ ప్రాంతపు మాటలతో రాసిన నవల ఒకటి తీసుకుంటే ఇంకా బాగుంటుంది. పిల్లలు ఇంట్లో వినే మాట అచ్చులో కనిపిస్తే వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. ఏది ఎంచుకున్నా ముందు మీరు పూర్తిగా చదవండి. పాత నవలల్లో కులాల గురించి, ఆడవాళ్ల గురించి ఈ రోజు క్లాసులో చదవలేని మాటలు ఉంటాయి. అవి ఎదురైనప్పుడు ఏం చెప్పాలో ముందే అనుకుని ఉండాలి.

ఒకటే కాపీ ఉంటే? మీరు పైకి చదవండి. పిల్లలు వింటారు, మాటలు బోర్డు మీదకి ఎక్కుతాయి. నిజానికి మొదటి రెండు అధ్యాయాలు ఎన్ని కాపీలున్నా టీచరే చదవడం మంచిది. మాటలో ఉన్న వెటకారం, విసుగు గొంతులోనే తెలుస్తాయి.

రెండో మెట్టు: మాటలు ఏరడం

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అధ్యాయంలో తెలియని మాటలు నలభై ఉంటే నలభైకీ అర్థాలు రాయించేస్తారు. అన్నీ నేర్పాలనుకుంటే ఏదీ నిలవదు. అధ్యాయానికి ఆరు, మహా అయితే ఎనిమిది. మిగతావి దాటిపోనివ్వండి.

ఏ ఆరు అన్నది తేల్చుకోవడానికి ఒక పేరా చూద్దాం. ఇది ఏ నవలలోదీ కాదు, ఉదాహరణకని నేనే రాశాను:

‘రేవులో పడవ కదలబోతోంది. రామయ్య మాత్రం గట్టు మీదే నిలబడి తటపటాయిస్తున్నాడు. ఒక కాలు పడవలో పెడతాడు, మళ్లీ తీసేస్తాడు. “ఎక్కితే ఎక్కు, లేకపోతే తప్పుకోవయ్యా!” అని సరంగు కసిరాడు. పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. రామయ్యకి మొహం చెల్లలేదు. చంకలో మూట సర్దుకుని, ఎవరివంకా చూడకుండా వెళ్లి ఓ మూల ఒదిగి కూర్చున్నాడు.’

ఈ పేరాలో మాటలు మూడు రకాలు. పడవ, గట్టు, మూట, చంక అందరికీ తెలిసినవే (హైదరాబాదు అపార్టుమెంట్ల పిల్లలకి ‘గట్టు’ తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి, ఆశ్చర్యపోతారు). రేవు, సరంగు ఆ వృత్తికి, ఆ చోటుకి చెందిన మాటలు. తెలియకపోతే కథ ఆగుతుంది, తెలిసినా బయట వాడే సందర్భం పెద్దగా రాదు. మూడో రకం తటపటాయించు, కసురు, ఒదుగు, మొహం చెల్లకపోవడం. ఇవి ఏ కథలోనైనా రావచ్చు, ఏ వ్యాసంలోనైనా రాయొచ్చు, పిల్లలు మాత్రం సొంతంగా వాడరు. మీ సమయమంతా ఈ మూడో రకానికే పెట్టాలి. మాటల్ని ఇలా మూడు అంచెలుగా చూడటాన్ని అమెరికాలో ఇసబెల్ బెక్, ఆమె సహపరిశోధకులు 2002లో తెచ్చిన పుస్తకం బాగా ప్రచారంలోకి తెచ్చింది. తెలుగుకి అది చక్కగా అతుకుతుంది.

సరంగు లాంటి మాటలకి ఒక్క వాక్యం చాలు. ‘పడవనో లాంచీనో నడిపించే పెద్ద’ అని చెప్పి ముందుకి సాగండి. బొమ్మ ఉంటే చూపించండి. దాన్ని పరీక్షలో అడగొద్దు.

ఏరేటప్పుడు ఒంటరి మాటల మీదే దృష్టి పెడితే తెలుగులో సగం సంపద చేజారిపోతుంది. మన భాషలో అసలు రుచి జాతీయాల్లో, జంట మాటల్లో, ధ్వనుల మాటల్లో ఉంటుంది. మొహం చెల్లలేదు, పిల్లాజెల్లా, గొడ్డూగోదా, బిలబిలా, చిట్టచివర లాంటివి. అందుకని ఆరింటిలో కనీసం రెండైనా ఇలాంటివి ఉండేట్టు చూసుకోండి.

మూడో మెట్టు: చదవకముందు

దీనికి ఐదు నిమిషాలు చాలు. ఆ అధ్యాయంలో ఏ మాట తెలియకపోతే కథే అర్థం కాదో దాన్ని మాత్రమే ముందుగా చెప్పండి. పైన రాసిన పేరాకైతే ‘రేవు’ ఒక్కటే. తటపటాయించడం ముందే చెప్పేస్తే పిల్లలకి దాన్ని పట్టుకునే అవకాశం పోతుంది.

నాలుగో మెట్టు: చదువుతూ ఊహించడం

మొదటిసారి చదివేటప్పుడు ఆగకండి. ప్రతి వాక్యానికీ అర్థం చెబుతూ పోతే అది నవల కాకుండా పోతుంది. పిల్లలు తెలియని మాట దగ్గర పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకుంటే చాలు (లైబ్రరీ పుస్తకమైతే చిన్న కాగితం ముక్క పెట్టాలి). పేజీ అయ్యాక వెనక్కి రండి.

ఊహించమంటే పిల్లలు గాలిలోంచి అర్థం తీస్తారు. అందుకే ‘ఏ మాట చూసి అలా అనుకున్నావు?’ అని తప్పకుండా అడగాలి. తటపటాయిస్తున్నాడు దగ్గర ఒకరు ‘భయపడుతున్నాడు’ అంటారు. ఆధారం అడగండి. తర్వాతి వాక్యంలో ‘ఒక కాలు పెడతాడు, తీసేస్తాడు’ అని ఉంది. మరి భయమా, ఎటూ తేల్చుకోలేకపోవడమా? అప్పుడు ఇంకొకరు ‘వెళ్దామా వద్దా అని ఊగుతున్నాడు సార్’ అంటారు. అర్థం మీరు చెప్పకుండానే వచ్చేసింది. కసిరాడు ఇంకా తేలిక, ఆ కొటేషన్‌లోనే గొంతు వినిపిస్తోంది.

కొన్నిచోట్ల సందర్భం ఏ సాయమూ చెయ్యదు. ‘ముసిముసిగా’ నవ్వారంటే పెద్దగానా, చిన్నగానా అన్నది ఆ వాక్యాన్ని బట్టి తేలదు. పావుగంట ఊహించమని వేధించకుండా, పెదాలు బిగించి మీరే నవ్వి చూపించండి.

‘మొహం చెల్లలేదు’ దగ్గర కాసేపు ఆగాలి. రెండు మాటలూ విడివిడిగా తెలుసు, కలిపితే తెలియదు. నోటు చెల్లదంటారు కదా, అంటే ఏమిటని అడగండి. అది ఎవరి ముందూ పెట్టలేం. అలాగే ఆ క్షణాన తన మొహం నలుగురి ముందూ పెట్టలేకపోయాడు. అక్కడి నుంచి మొహం మీద ఉన్న మిగతా జాతీయాలు బోర్డు మీద రాయండి: మొహం చాటేయడం, మొహం ముడుచుకోవడం, మొహం వాచిపోవడం, మొహం మొత్తడం. చివరి రెండూ దాదాపు ఎదురెదురు అర్థాలు. స్వీటు తిని ఆర్నెల్లయినవాడికి దానికోసం మొహం వాచిపోతుంది, సంక్రాంతికి నాలుగు రోజులు వరసగా అరిసెలు తిన్నవాడికి మొహం మొత్తుతుంది. ఇది చెప్పిన రోజున క్లాసులో ప్రతి ఒక్కరూ తమకి దేనికి మొహం వాచిందో, ఏది మొహం మొత్తిందో చెప్పడానికి పోటీ పడతారు. పడనివ్వండి. ఆ పదినిమిషాల గోల ముప్పై అర్థాల పట్టిక కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఐదో మెట్టు: నిఘంటువు చూడటం నేర్పడం

‘డిక్షనరీలో లేదు సార్’ అని పిల్లలు తిరిగొచ్చేస్తారు. మాట ఉంటుంది, వాళ్లు వెతికిన రూపంలో ఉండదు. తెలుగు నిఘంటువు వాడటం ఇంగ్లీషు డిక్షనరీ అంత తేలిక కాదని ముందే ఒప్పుకుని, కింది కిటుకులు నేర్పాలి.

క్రియలు ఉకారంతో ముగిసే మూలరూపంలో ఉంటాయి. తటపటాయిస్తున్నాడు కోసం తటపటాయించు చూడాలి, చూశాడు కోసం చూచు, కూర్చున్నాడు కోసం కూర్చుండు. పాత నిఘంటువుల్లో నామవాచకాలు ‘ము’తో ఉంటాయి, సంకోచం అక్కడ సంకోచము. ఇప్పుడు మనం ‘ర’ రాసే కొన్ని మాటలు అక్కడ బండి ఱ కింద ఉంటాయి: కొఱత, చెఱువు, గుఱ్ఱము. వేఁడి, తోఁట లాంటి చోట్ల అరసున్న చూసి కంగారు పడక్కర్లేదు, దాన్ని లేనట్టే అనుకుని చదవొచ్చు. ఇక జంట మాటల్లో రెండో మాట మొదటి అక్షరం మారిపోతుంది. కూరగాయల్లో ఉన్నది కాయ, అన్నదమ్ముల్లో ఉన్నది తమ్ముడు, తల్లిదండ్రుల్లో తండ్రి. ‘దండ్రి’ కోసం వెతికితే దొరకదు. వ్యాకరణంలో గసడదవాదేశ సంధి ఎందుకు చదువుకుంటున్నామో పిల్లలకి మొదటిసారి అర్థమయ్యేది ఇక్కడే అనుకుంటాను.

దీన్ని ఆటలా ఆడించండి. పేజీలో ఐదు మాటలు బోర్డు మీద రాసి, నిఘంటువులో ఏ రూపం కింద వెతకాలో చెప్పమనండి. అర్థం అడగొద్దు, మూలరూపం చాలు.

ఏ నిఘంటువు? బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) ఇప్పటికీ బడి లైబ్రరీల్లో దొరుకుతుంది. తెలుగు మాటకి ఇంగ్లీషు అర్థం, వాడుక ఉదాహరణలు కావాలంటే బ్రౌణ్యం, అంటే సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇది బాగా అచ్చొస్తుంది. ఇవీ, సూర్యరాయాంధ్ర నిఘంటువూ, మరికొన్నీ ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేచోట వెతుక్కోవచ్చు. వ్యవసాయం, చేనేత మాటలు ఎక్కువగా ఉన్న నవలైతే భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మొదలైన మాండలిక వృత్తి పదకోశాలు దొరికితే వదలకండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో జాతీయాలు వెతకొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ఆరో మెట్టు: పదాల నోటుబుక్కు

రెండు గీతల పట్టిక స్థానంలో వచ్చేది ఇదే. ఒక్కో మాటకి అర పేజీ. అందులో ఏముండాలో రాసి చూపిస్తాను:

తటపటాయించు
కథలో ఎక్కడ: రేవు దగ్గర రామయ్య, పడవ ఎక్కేముందు.
నా మాటల్లో: చెయ్యాలా వద్దా అని తేల్చుకోలేక అటూ ఇటూ ఊగడం.
ఎలా వాడతారు: చెప్పడానికి తటపటాయించాడు. తటపటాయిస్తూ నిలబడింది. ఏ తటపటాయింపూ లేకుండా ఒప్పుకుంది.
దగ్గరి మాట, తేడా: వెనుకాడు. అందులో ఏమవుతుందోనన్న భయం ఉంటుంది.
నా వాక్యం: జవాబు తెలిసినా, తప్పయితే అందరూ నవ్వుతారని చెయ్యెత్తడానికి తటపటాయించాను.

మూడో వరసని చిన్నచూపు చూడకండి. మాట తెలియడం వేరు, ఆ మాట పక్కన ఏ మాట నిలబడుతుందో తెలియడం వేరు. కోపం వస్తుంది, సిగ్గు వేస్తుంది, భయం వేస్తుంది, ఆశ పుడుతుంది, అనుమానం కలుగుతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు ‘నాకు కోపం అయ్యింది’ లాంటివి రాసేది ఇది తెలియకే. ‘మాట’ ఒక్కటే తీసుకోండి: మాట ఇస్తాం, తప్పుతాం, నిలబెట్టుకుంటాం, దాటుతాం, జారుతాం, పడతాం. ఆరు క్రియలు, ఆరు వేరువేరు పరిస్థితులు. అందుకే ఏ నామవాచకం రాసినా దాని క్రియతో కలిపే నోటుబుక్కులోకి ఎక్కాలన్నది నియమంగా పెట్టండి.

చివరి వరసకీ ఒక షరతు ఉంది. ‘రాముడు తటపటాయించాడు’ అని రాస్తే ఒప్పుకోవద్దు. అక్కడ తటపటాయించాడు తీసేసి నిద్రపోయాడు పెట్టినా వాక్యం నిలబడుతుంది. ఎందుకు, ఎప్పుడు అన్నది వాక్యంలో ఉండాలి. ఆ మాట తప్ప ఇంకోటి అక్కడ ఇమడకూడదు. మొదట్లో పిల్లలు సణుగుతారు. రెండు మూడు అధ్యాయాలకి అలవాటు పడతారు.

ఇంకో వరస మీ ఇష్టం: మా ఇంట్లో ఏమంటారు? చొక్కాని అంగీ అనే ఇల్లు ఉంటుంది, ఆనపకాయని సొరకాయ అనే ఇల్లు ఉంటుంది. ఉర్దూ, లంబాడీ, గోండి మాట్లాడే ఇళ్ల పిల్లలు క్లాసులో ఉంటే వాళ్ల మాటా తెలుగు లిపిలో రాయించండి. నవల మాట పక్కన తన ఇంటి మాటకి చోటు దొరికిన పిల్లవాడు తెలుగు పీరియడ్‌లో నోరు విప్పుతాడు.

ఏడో మెట్టు: ఒక మాట నుంచి పది మాటలు

ప్రతి మాటకీ ఇది కుదరదు. కుదిరిన చోట వదలకూడదు.

ప్రయాణం అన్న మాట వచ్చిందనుకోండి. ప్ర, యానం అని విడదీయండి. యానం అంటే పోవడం అని తెలియగానే నౌకాయానం, విమానయానం, అంతరిక్షయానం వాటంతట అవే విచ్చుకుంటాయి. చంద్రయాన్ పేరు కూడా అదేనని పిల్లలే కనిపెడతారు. ఉపసర్గల్ని చూపించడానికి పండితులు ఎప్పటినుంచో వాడే ఉదాహరణ ‘హారం’: ఆహారం, విహారం, సంహారం, పరిహారం. వెనక మాట ఒకటే, ముందు చిన్న ముక్క మారగానే తిండి నుంచి చంపడం దాకా వెళ్లిపోయింది.

పాత నవలల్లో కచేరీలు, కోర్టులు, భూముల తగాదాలు తప్పకుండా ఉంటాయి. అక్కడ దొరికేవి రాజీనామా, వీలునామా, పంచనామా, కౌలునామా. నామా అంటే రాతపూర్వక కాగితమని ఒక్కసారి తెలిస్తే నాలుగూ తెలిసినట్టే. జమీందారు, కౌలుదారు, వాటాదారు, హక్కుదారు ఇంకో గుంపు. అచ్చతెలుగులో కలిమి, లేమి, బలిమి, చెలిమి, ఓటమి. ఇవన్నీ పారసీ, సంస్కృతం, దేశ్యం అని పేర్లు పెట్టి పాఠంలా చెప్పక్కర్లేదు. గోడ మీద చార్టు తగిలించి, కొత్తది దొరికిన పిల్లలు వచ్చి రాసుకునేలా వదిలేయండి.

పదో తరగతిలో పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి–వికృతులు, వ్యుత్పత్త్యర్థాలు అడుగుతారు కదా, వాటి సంగతేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. నవల నుంచే చెప్పొచ్చు. దృష్టి–దిష్టి, యాత్ర–జాతర జతల్ని ఊరికే బట్టీ పట్టించే బదులు, దిష్టి తీసేటప్పుడు దృష్టి తీశామని ఎందుకనమో, జాతరకీ తీర్థయాత్రకీ తేడా ఏమిటో మాట్లాడించండి. వికృతి అనగానే పాడైన మాటనుకోవడం మానేసి, దానికి సొంత జీవితం ఉందని గ్రహిస్తారు.

ఎనిమిదో మెట్టు: మాటల్ని పనిలో పెట్టడం

మొత్తం పద్ధతికి ప్రాణం ఇక్కడుంది. సమయం తక్కువై ఏదైనా వదిలేయాల్సి వస్తే ఏడో మెట్టు వదిలేయండి, దీన్ని వదలొద్దు.

కథ గురించి అడిగే ప్రశ్నలోనే మాట ఉండాలి. ‘రామయ్య ఏం చేశాడు?’ అంటే మాటతో పనిలేకుండా జవాబొస్తుంది. ఇలా అడగండి: ‘పడవ ఎక్కడానికి రామయ్య తటపటాయించాడా, వెనుకాడాడా, మీనమేషాలు లెక్కపెట్టాడా? ఏది సరైన మాట?’ క్లాసు రెండు మూడు ముక్కలవుతుంది. వెనుకాడాడన్నవాళ్లు అతనికి నీళ్లంటే భయమని పేజీ చూపించాలి. మీనమేషాలు లెక్కపెట్టాడన్నవాళ్లకి అది చూసేవాళ్లు విసుక్కుని అనే మాటని, సరంగు అలా అనుకుని ఉండొచ్చని, రచయిత అనలేదని ఎవరో ఒకరు జవాబిస్తారు. సందేహించాడు ఎందుకు కుదరదో కూడా అడగండి. సందేహం మనసులో ఉంటుంది, ఒక విషయం నిజమా కాదా అన్న దగ్గర. కాలు పెట్టి తీయడం అందులో లేదు. నోటుబుక్కులో ‘తటపటాయించు = సందేహించు’ రాసినప్పుడు పోయింది ఈ తేడానే.

కోప్పడే మాటలతోనూ ఇదే చెయ్యొచ్చు. మందలించడం, విసుక్కోవడం, కసరడం, గదమాయించడం, చీవాట్లు పెట్టడం, గద్దించడం. వీటిని మెత్తనిది ఒక చివర, ఘాటైనది ఇంకో చివర ఉండేలా వరసలో పెట్టమనండి. తర్వాత నవలలో మనుషుల పేర్లు ఇచ్చి, ఎవరు ఎవర్ని మందలిస్తారు, ఎవరు గద్దిస్తారు అని అడగండి. మందలింపులో ఎదుటివాడి మంచి కోరడం ఉంది, గద్దింపులో అధికారం ఉంది. ఆ తేడా తెలిస్తే పాత్రల మధ్య సంబంధమూ తెలిసినట్టే.

రాతకి వస్తే, పాత్ర తరఫున ఇంటికి ఉత్తరం రాయించడం బాగా పని చేస్తుంది. అధ్యాయం మాటల్లో మూడు వాడాలని చెప్పండి. ఎనిమిదీ వాడమంటే ‘నేను తటపటాయించి, ఒదిగి, మొహం చెల్లక, కసిరించుకుని క్షేమంగా చేరాను’ అన్న రకం ఉత్తరాలు వస్తాయి. సంభాషణ ఎక్కువగా ఉన్న అధ్యాయమైతే నాటకంలా చదివించండి. కసిరాడు అని ఉన్నచోట నిజంగా కసరాలి.

తొమ్మిదో మెట్టు: మరిచిపోకుండా

కొత్తగా నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని, మధ్యమధ్య తిరగేస్తే నిలుస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే రాశాడు. మన శబ్దరత్నాకరం వచ్చిన ఏడే అది. కాబట్టి చదివిన మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకి ఒకసారి. ప్రతిసారీ ఐదు నిమిషాలు.

అట్టముక్కల మీద మాటలు రాసి మూడు చాక్లెట్ డబ్బాల్లో పెట్టండి. మొదటి డబ్బాలోవి ప్రతి తెలుగు పీరియడ్‌లో, రెండోదానిలోవి వారానికోసారి, మూడోదానిలోవి నెలకోసారి తీయాలి. సరిగా చెప్పిన మాట తర్వాతి డబ్బాకి వెళ్తుంది, తప్పితే మళ్లీ మొదటిదానికి. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో తన పుస్తకంలో ఇలాంటి పద్ధతినే వివరించాడు. ఒక్క మార్పు చేయండి. మాట తీసినప్పుడు అర్థం అడగకుండా, ‘కథలో ఇది ఎవరిది?’ అని అడగండి. మనిషి గుర్తొస్తే సన్నివేశం గుర్తొస్తుంది, దాని వెంటే అర్థం వస్తుంది.

నవల ముందుకి వెళ్లేకొద్దీ పాత మాటలు కొత్త పేజీల్లో మళ్లీ కనబడతాయి. అలా కనిపించినప్పుడు మొదట చెయ్యెత్తినవాళ్ల పేరు బోర్డు మూల రాస్తే చాలు, క్లాసంతా డేగకళ్లతో చదువుతుంది.

ఇంట్లో చదివిస్తుంటే

తల్లిదండ్రులు పైవన్నీ చెయ్యనక్కర్లేదు. రోజుకి నాలుగు పేజీలు, రెండు మాటలు. ఒకరోజు మీరు పైకి చదవండి, మర్నాడు పిల్లలు. నోటుబుక్కు కంటే ఆ మాటని ఆ వారం ఇంట్లో నిజంగా వాడటం ముఖ్యం. ‘కసురుకోకుండా చెప్పరా’, ‘ఎందుకా తటపటాయింపు, అడిగెయ్’ అని మీ నోట వినిపించాలి. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో, బెంగళూరులోనో పెరుగుతున్న పిల్లలకి తెలుగు చదవడం నెమ్మదిగా వస్తుంది, వినడం బాగానే వస్తుంది. వాళ్లకి చదివి వినిపించి, జాతీయాలూ జంట మాటలూ ముందు నేర్పండి. ఫోన్లో అమ్మమ్మతోనో, నానమ్మతోనో ఆ మాట వాడమంటే, అవతలి నుంచి వచ్చే సంతోషమే వాళ్లకి మార్కులు.

పరీక్ష ఎలా పెట్టాలి

అర్థాలు రాయండి అన్న ప్రశ్న అసలు పెట్టకండి. పెట్టారంటే పిల్లలు వెంటనే పాత పట్టికకి వెళ్లిపోతారు. ఇరవై మార్కుల పేపరు ఇలా ఉండొచ్చు. ఎనిమిది మార్కులకి నాలుగు సన్నివేశాలు ఇచ్చి, ఒక్కోదానికి ఇచ్చిన రెండు దగ్గరి మాటల్లో ఏది నప్పుతుందో, ఎందుకో రాయమనండి. నాలుగు మార్కులకి నాలుగు నామవాచకాలకి సరైన క్రియలు. మరో నాలుగు, వాక్యంలోంచి తీసిన మాటలకి నిఘంటువు రూపం. మిగిలిన నాలుగు మార్కులకి క్లాసులో చదవని కొత్త పేజీ ఒకటి ఇచ్చి, అందులో రెండు మాటల అర్థం ఊహించి, ఆధారం చూపమనాలి. ఊహ కాస్త పక్కకి పోయినా ఆధారం సరిగా చూపిస్తే సగం మార్కులు ఇచ్చేయండి.

నోటుబుక్కుకి అక్షరాలు ఎంత ముత్యాల్లా ఉన్నాయని మార్కులు వేయొద్దు. ‘నా వాక్యం’ వరసలు మాత్రమే చదవండి. టర్మ్ చివర ఒక వ్యాసం రాయించి, ఈ నవల మాటలు ఎవరూ చెప్పకుండానే ఎన్ని వచ్చాయో ఎర్ర పెన్నుతో చుట్టండి. చార్టులో ఉండి ఒక్కరి వ్యాసంలోనూ కనిపించని మాటల్ని విడిగా రాసుకుని, తర్వాతి నవలకి డబ్బాలు మొదలుపెట్టేటప్పుడు వాటినే ముందుగా మొదటి డబ్బాలో వేయండి.